నాలుగో మాట

ఏటా లెంటు రోజులు సగం గడిచేసరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా అయ్యగారు జేబులోంచి చిన్న కాగితం తీస్తారు. మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా జరిగే ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. ఎవరికి ఏ మాటో ఆ రోజే తేల్చుకోవాలి. తనను కొట్టినవాళ్ళను క్షమించమన్న మొదటి మాటకు ఇద్దరు ముగ్గురు చేతులెత్తుతారు. దొంగకు పరదైసు మాటిచ్చిన రెండోదానికి కుర్రాళ్ళు పోటీ పడతారు. తల్లిని శిష్యుడి చేతిలో పెట్టిన మూడో మాట స్త్రీల మైత్రి వాళ్ళదేనని ఎప్పటినుంచో అలవాటు. దాహమన్న మాటకూ, సమాప్తమన్న మాటకూ, ఆత్మను అప్పగించిన మాటకూ ఎవరో ఒకరు దొరుకుతారు. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరూ తలెత్తరు. నన్నెందుకు వదిలేశావని కొడుకు తండ్రిని అడిగిన మాట అది. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఒకావిడ పిల్లాణ్ణి బయటికి తీసుకెళ్తుంది. చివరికి వెనక నుంచి ఎవరో, "టీచరమ్మగారు చెబుతారు లెండి" అంటారు. అయ్యగారు నా పేరు రాసేసుకుంటారు. ఈ జంకు దేనికి? ఏడు మాటలూ ఆయనవే అయినప్పుడు ఈ ఒక్కదాని దగ్గర మనకెందుకింత ఇబ్బంది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా తొలుస్తూనే ఉంది.

విస్సన్నపేటలో మంచి శుక్రవారమంటే ఎండాకాలం ముదిరే రోజు. పండగ ఆలస్యంగా వచ్చిన ఏడాదైతే చుట్టుపక్కల మామిడితోటల్లో కోతలు మొదలై ఉంటాయి, నూజివీడు వైపు కాయల లారీలు తిరుగుతుంటాయి. మా సంఘంలో ఆడవాళ్ళు చాలామంది తోటల్లో కాయలు ఏరి, గ్రేడింగు చేసి, గడ్డి పరిచి పెట్టెలు నింపే పనికి వెళ్ళేవాళ్ళే. ఆ రోజు పని మానుకుంటే కూలి పోతుంది. అయినా మానుకుంటారు. తెల్లచీరలు కట్టుకుని, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చి, కరెంటు పోతే చీరచెంగుతో విసురుకుంటూ మూడు గంటలు చాప మీద కూర్చుంటారు. వాళ్ళ ఎదుట నిలబడి నాలుగో మాట మీద ఏం మాట్లాడాలి? అది 22వ కీర్తన మొదటి వాక్యమే కదా, ఆ కీర్తన స్తుతితో ముగుస్తుంది కదా, కాబట్టి యేసు నిరాశపడలేదు అని సర్దిచెప్పే పద్ధతి ఒకటుంది. ప్రసంగ పుస్తకాల్లో ఎక్కువగా అదే ఉంటుంది. నాకది ఎందుకో గొంతు దిగదు. మేకులు దిగిన మనిషి అరిచిన అరుపును ముందు అరుపుగా వినాలి కదా!

ప్రసంగం కోసం కూర్చుని నాలుగు సువార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, చిన్నప్పటి నుంచి ఒకే దారానికి గుచ్చి ఉన్నాయనుకున్న ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ కలిసి లేవని తెలిసింది. మార్కులో నాలుగో మాట ఒక్కటే ఉంది. మత్తయిలోనూ అదొక్కటే. క్షమాపణ, పరదైసు, ఆత్మను అప్పగించడం లూకావి. తల్లి, దాహం, సమాప్తం యోహానువి. లూకాలోగాని యోహానులోగాని నాలుగో మాట లేదు. వీటన్నిటినీ వరసగా పేర్చి మూడు గంటల ఆరాధనగా జరపడం మన దేశంలో పుట్టింది కాదు, ఇంగ్లండులోనూ కాదు. 17వ శతాబ్దం చివర్లో, దక్షిణ అమెరికాలోని లిమా నగరంలో, అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ గురువు మొదలుపెట్టారని చెబుతారు. పెరూలో కేథలిక్కులు మొదలుపెట్టిన పద్ధతి ఎన్ని సముద్రాలు దాటిందో, ఈ మామిడితోటల మధ్య ప్రొటెస్టెంటు గుడిలో మా అమ్మమ్మకు ప్రాణమైంది. ఆ దారి తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. అయితే ఆ సంతోషం వెనకే ఒక భయమూ వచ్చింది. ఏడింటినీ కూర్చింది మనుషులే అయితే, సువార్తల్ని కూర్చింది కూడా మనుషులే కదా.

ఈ భయానికి మాటలిచ్చినవాడు మా మావయ్య. అమ్మకు తమ్ముడు, రిటైరైన హైస్కూలు మాస్టారు. చిన్నప్పుడు సండేస్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవాడే. బెజవాడ కాలేజీ చదువు రోజుల్లో పటమట నాస్తిక కేంద్రం సభలకు వెళ్ళడం మొదలుపెట్టి, తర్వాత గుడికి రావడం మానేశాడు. మా ఇంట్లో ఎవరూ ఆయన్ని వెలివేసినట్టు చూడలేదు. దానికి కారణం ఉంది. గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకు మార్చారు. 1948లో తన పెద్దకూతురు మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికిచ్చి సేవాగ్రామంలో పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి తానే జరిపిస్తానన్న గాంధీగారు అప్పటికే హత్యకు గురయ్యారు. దేవుడి పేరు లేకుండా, సత్యం పేరు మీద జరిపించడానికి గాంధీగారు ఒప్పుకున్నారట. మా పేటలోవాళ్ళకు ఇదంతా తెలుసు. దేవుణ్ణి నమ్మే అగ్రహారాలు వాకిట్లోకి రానివ్వని రోజుల్లో, దేవుడు లేడన్న బ్రాహ్మణుడు కూతుర్నే ఇచ్చాడని మా తాతయ్య అనేవాడు. నాస్తికుణ్ణి తేలిగ్గా తీసిపారెయ్యడం మాకు అందుకే చేతకాదు.

మావయ్య ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని నా కాగితాలు చూశాడు. "అమ్మాయ్, వీటిని వరసలో పెట్టి చూడు. మార్కు ముందు రాశాడని మీ పండితులే అంటున్నారు, క్రీస్తుశకం 70 ప్రాంతంలో. మత్తయి, లూకా ఆయన్ని ముందు పెట్టుకునే రాశారు. మార్కులో మనిషి అరిచి చనిపోయాడు. లూకా దగ్గరికొచ్చేసరికి ఆ అరుపు లేదు, ప్రశాంతంగా ప్రాణం అప్పగించాడు. యోహాను నాటికి చావు కూడా ఆయన అనుకున్న ప్రకారమే జరిగింది. కథ పెరిగే కొద్దీ నునుపు దేలింది. ఇంకేం కావాలి?" అన్నాడు. గెలిచినట్టు అనలేదు. బాధపడుతున్నట్టే అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన లేచి వెళ్ళాక కూడా అక్కడే కూర్చుండిపోయాను. వంశావళుల్లో యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ అని ఎవరైనా అడిగితే నేను కంగారుపడను. హేరోదు చనిపోయింది క్రీస్తుపూర్వం 4లో, సిరియా అధిపతి కురేనియ చేయించినట్టు చరిత్రలో కనబడే జనాభా లెక్క క్రీస్తుశకం 6లో, లూకా రెండింటినీ యేసు పుట్టిన ఒకే కాన్పుకు ముడిపెట్టాడన్నా తట్టుకోగలను. ఇది అలాంటిది కాదు. లూకా ఆ అరుపును చూసి, చదివి, పక్కన పెట్టాడన్నమాట. ఎందుకు పెట్టాడు? మా గుడిలో నాలుగో మాట రాగానే కళ్ళజోడు తుడుచుకునే పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఆయనకున్న జంకే లూకాకూ ఉందేమో. ప్రభువు నోట ఆ మాట వినలేకపోయాడేమో. అది ఊహే, రుజువు చెయ్యలేను. కానీ అలా అనిపించిన రాత్రి లూకా నాకు దూరం కాలేదు, దగ్గరయ్యాడు.

ఈ రోజుల్లో ఫోన్ తెరిస్తే ఈ గొడవలే. సువార్తల్లో తప్పులు ఇన్నని ఒకాయన, ఒక్క తప్పు చూపిస్తే ఇంత బహుమతి అని ఇంకొకాయన, కింద ఇరుపక్షాల తిట్లు. యూదా ఉరి వేసుకున్నాడని మత్తయి, పడి పొట్ట పగిలి చనిపోయాడని అపొస్తలుల కార్యములు. అయితే ముందు ఉరి వేసుకున్నాడు, తర్వాత తాడు తెగింది అని అతికిస్తారు. దేవాలయంలో బల్లలు బోర్లించింది యోహానులో మొదట్లో, మిగతా మూడింటిలో చివర్లో. అయితే రెండుసార్లు బోర్లించాడంటారు. ఇలా అతికించేవాళ్ళ ప్రేమను నేను శంకించను. కానీ వాళ్ళు చేస్తున్నది చాలా పాత పని. క్రీస్తుశకం 170 ప్రాంతంలోనే సిరియావాడైన తాతియాను నాలుగు సువార్తలనూ కలిపి, తేడాలు సర్ది, ఒకే కథగా కూర్చాడు. సిరియా సంఘాలు దాన్ని తరాల తరబడి ఆరాధనలో చదువుకున్నాయి. అది నిలిచి ఉంటే ఈ రోజు మావయ్యకూ నాకూ తగువే లేదు. అయిదో శతాబ్దంలో థియొడొరేతు అనే బిషపు తన ప్రాంతంలో రెండు వందలకు పైగా ఆ ప్రతుల్ని తీయించేసి, వాటి స్థానంలో నాలుగు సువార్తలనూ పెట్టించాడు. సంఘానికి తేడాలు తెలియక కాదు. ఒకే నునుపైన కథ చేతిలో ఉండి కూడా, పొసగని నాలుగింటినే ఉంచుకుంది. లూకా పక్కన పెట్టిన అరుపును మార్కు నుంచి కొట్టెయ్యలేదు. ఇద్దర్నీ ఒకే అట్టలో కుట్టింది. మావయ్య చెప్పిన నునుపుకు ఇది జవాబు కాదని తెలుసు. అయినా కథను నునుపు చెయ్యడమే సంఘం ఉద్దేశమైతే ఈ గరుకంతా ఎందుకు మిగిల్చింది?

నేను సువార్తల కన్నా ముందు సాక్ష్యాలు విన్నదాన్ని. శుక్రవారం ఉపవాస కూడికలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి, వందనాలు చెప్పి, దేవుడు తమకేం చేశాడో చెబుతారు. మా తమ్ముడికి చిన్నతనంలో టైఫాయిడ్ వచ్చిన సంగతి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అమ్మ చెప్పినప్పుడు జ్వరం దిగింది అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థించిన రాత్రి. అమ్మమ్మ చెప్పినప్పుడు తెల్లవారుజామున, ఆమె పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తన పాడుతుండగా. నాన్న చెబితే మర్నాడు మధ్యాహ్నం, డాక్టరు రెండో ఇంజక్షను చేశాక. అయ్యగారు వచ్చింది ఆ రాత్రా, అంతకు ముందు రాత్రా అన్నది మా ఇంట్లో ఎప్పటికీ తేలదు. వాడు లేచి కూర్చుని చారన్నం అడిగాడన్న దగ్గర ముగ్గురూ ఒకటే. మావయ్యకు ఇంజక్షను చాలు. అమ్మకు ఇంజక్షనూ దేవుడిదే. వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పగలను. ముగ్గురూ పూసగుచ్చినట్టు ఒకేలా చెప్పి ఉంటే, కూడబలుక్కున్నారని నాకే అనుమానం వచ్చేది.

మార్కు 15వ అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. పొలం నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోనును సైనికులు పట్టుకుని సిలువ మోయిస్తారు. ఆయన ఎవరో చెప్పడానికి మార్కు, అలెక్సంద్రుకూ రూఫుకూ తండ్రి అని రాస్తాడు. ఆ ఇద్దరు కొడుకులకూ ఆ కథలో పనే లేదు. ఆ సువార్తలో మళ్ళీ ఎక్కడా రారు. అదే సంగతి రాసిన మత్తయీ లూకా వాళ్ళ పేర్లు వదిలేశారు. మార్కు ఎందుకు రాశాడు? వినేవాళ్ళకు ఆ కుర్రాళ్ళు తెలుసు కాబట్టి. మా పేటలో ముసలాయన్ని గుర్తు చెయ్యాలంటే ఆయన పేరు చెప్పం, "అదేనే, ఆటో నడిపే అబ్బాయి లేడూ, వాళ్ళ నాన్న" అంటాం. ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. బరువు మోసిన కూలివాడు, బహుశా కూలి డబ్బులు కూడా ముట్టనివాడు, ఇంటికెళ్ళి కొడుకులకు చెప్పి ఉంటాడు. ఆ కొడుకులు సంఘంలో చాప మీద కూర్చునేవాళ్ళయి ఉంటారు. ఇది పునరుత్థానానికి రుజువు కాదు. ఒక మనిషి ఒక మధ్యాహ్నం నిజంగా ఆ దారిలో నడిచాడని, అది చూసినవాళ్ళ ఇంటివాళ్ళు ఇంకా బతికున్నారని మాత్రం అది చెబుతుంది. నాకు ఇక్కడ నేల తగులుతుంది. ఇదే అధ్యాయంలో ఆ అరుపు విన్నవాళ్ళలో కొందరు ఏలీయాను పిలుస్తున్నాడని పొరబడ్డారనీ ఉంది. పక్కన నిలబడ్డవాళ్ళే సరిగా వినలేదని రాసుకున్న పుస్తకం అది. మగ్దలేనే మరియ, సలోమే వాళ్ళు దూరం నుంచి చూస్తున్నారని కూడా దాచకుండా రాశాడు.

నాలుగో మాట విషయంలో ఒక ఏడాది మాత్రం నా పేరు రాయలేదు. అయ్యగారు కాగితం పట్టుకుని చూస్తుండగా, తోట పనికెళ్ళే ఒకామె లేచి నేను చెబుతానంది. చదువు రాదు. మా తమ్ముడికి జ్వరం వచ్చిన ఏడే ఆమె కొడుక్కీ వచ్చింది. అదే అయ్యగారు ప్రార్థించారు, అదే డాక్టరు చూశాడు. ఆ పిల్లాడు దక్కలేదు. మా అమ్మ సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ ఆమె అదే చాప మీద కూర్చుని ఆమేన్ అంటూ వచ్చింది. ఆ సంగతి మాలో ఎవరికీ అంతవరకు తట్టలేదు. మంచి శుక్రవారం ఆమె ప్రసంగమేమీ చెయ్యలేదు. తన కొడుకు పోయినప్పుడు ఆ మాట తనూ అందని, అన్నందుకు నరకానికి పోతానేమోనని చాలా ఏళ్ళు భయపడిందని, ఆ మాట ప్రభువే అన్నాడని గుడిలో విన్నాక భయం పోయిందని చెప్పి కూర్చుంది. అరుగు మీద మావయ్య అడిగినదానికి నేను వెతుక్కున్న జవాబుల్లో ఏదీ దాని ముందు నిలవలేదు. మార్కు ఆ అరుపును దాచి ఉంటే ఆమె ఎక్కడికి పోయేది? లూకా ఒక్కడే మనకు మిగిలి ఉంటే?

పోనీ మొదటి మాటకైనా చిక్కు లేదా అంటే, దానికి ఇంకా పెద్ద చిక్కుంది. వాటికన్ గ్రంథాలయంలో ఉన్న 4వ శతాబ్దపు ప్రతిలో ఆ క్షమాపణ వాక్యం అసలు లేదు. అదే శతాబ్దపు సీనాయి ప్రతిలో ముందు రాశారు, తర్వాత ఒకరు కొట్టేయమని గుర్తులు పెట్టారు, ఇంకొకరు ఆ గుర్తుల్ని చెరిపేశారు. లూకా రాశాడా, తర్వాత ఎవరైనా చేర్చారా, లేక శత్రువుల మీద కోపంతో ఎవరైనా తీసేశారా అని పండితులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. ఇది తెలిసిన కొత్తలో నాకు కాళ్ళ కింద మట్టి జారినట్టయింది. చేతులెత్తి పోటీపడి తీసుకునే మాటే కదా అది! తర్వాత 1999 జనవరి గుర్తొచ్చింది. ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగులకు సేవ చేస్తున్న మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఫిలిప్, తిమోతి అనే ఆయన ఇద్దరు చిన్న కొడుకుల్నీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమించానని చెప్పి, ఆ తర్వాత కూడా బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. ఆమె క్షమించినందువల్ల లూకా 23లో ఆ వాక్యం అసలైనదని తేలదు. ఆ సంగతి మావయ్య చెప్పక్కర్లేదు, నాకే తెలుసు. కానీ ఒక ప్రతిలో అసలే లేని, ఇంకో ప్రతిలో కొట్టేసి తిరిగి నిలబెట్టిన మాట, ఆ జీపు కాలిపోయాక ఒక తల్లి నోట వచ్చింది. దాన్ని చరిత్రలో ఏ గడిలో వెయ్యాలి?

నమ్మకం పుస్తకంతోనే మొదలవ్వాలనీ లేదు. పాత కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఈ ప్రాంతపు మాలపేటల్లో క్రైస్తవానికి మొదటి అడుగు ఆయనదే అంటారు. విగ్రహాల్లో దేవుడు లేడని ఒక పాదిరీ చెప్పిన మాట స్నేహితుడి ద్వారా విని, పూజలు మానేసి, నువ్వెవరో నాకు కనబడు అని పేరు తెలియని దేవుణ్ణి ఏళ్ళ తరబడి వేడుకున్నాడని సంఘ చరిత్రల్లో ఉంది. బెజవాడలో మిషనరీ డార్లింగ్ దొరగారి దగ్గర యేసు గురించి వినడం ఆ తర్వాతి సంగతి. నమ్మకానికి పుస్తకమే పునాది, అందులో ఒక ఇటుక కదిలితే ఇల్లంతా కూలుతుంది అన్నట్టు మాట్లాడేవాళ్ళను విన్నప్పుడల్లా నాకు వెంకయ్య గుర్తొస్తాడు. అలాగని పుస్తకం లేకపోయినా పర్లేదని నేననను. యేసు నిజంగా బతకలేదని, నిజంగా చనిపోలేదని తేలితే నాకు మిగిలేది మంచి పాటలు మాత్రమే. సమాధి నిజంగా ఖాళీ కాలేదని తేలితే? ఇక్కడ నా గొంతు సన్నబడుతుంది. క్రీస్తుశకం 55 ప్రాంతంలో కొరింథువాళ్ళకు రాస్తూ పౌలు, లేచిన ప్రభువును చూసినవాళ్ళను వరసగా చెప్పి, చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. ఆ వరసలో సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు లేరు. నాలుగు సువార్తల్లోనూ మాత్రం ముందు వెళ్ళింది వాళ్ళే. ఎంతమంది, ఎవరెవరు అన్నది నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. మగవాళ్ళ జాబితాలో చోటు దక్కని ఆడవాళ్ళ మాట మీద నేను నమ్మకం పెట్టుకున్నాను. చదువు రాని అమ్మమ్మ మాట మీద, తోటకెళ్ళే ఆమె మాట మీద పెట్టుకున్నట్టే. విశ్వాస ప్రమాణంలో మూడో దినమున అన్న చోట గొంతు తగ్గించుకోను. మావయ్య దాన్ని రుజువనడు. నేనూ అనను.

ఆయన గుడికి రావడం లేదు, వస్తాడని నేను ఎదురుచూడటమూ లేదు. అయితే నా దగ్గర తీసుకెళ్ళిన మార్కు సువార్త ఇంకా తిరిగివ్వలేదు. మొన్న రాత్రి భోజనాల వేళ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, 14వ అధ్యాయంలో యేసును పట్టుకున్నప్పుడు నారబట్ట కప్పుకుని వెంట వెళ్ళినవాడు, పట్టుకోబోతే బట్ట వదిలేసి దిగంబరంగా పారిపోయాడే, ఆ కుర్రాడెవరు?" అన్నాడు. తెలీదు మావయ్యా, మార్కే అని కొందరంటారు గానీ ఆధారం లేదన్నాను. మత్తయీ లూకా ఆ కుర్రాణ్ణి కూడా వదిలేశారన్నాను. "పేరు లేదు, ముందూ వెనకా లేదు, కథకు పనికిరాడు. మరి రాసినవాడు ఎందుకు రాశాడంటావ్?" అన్నాడు. అన్నం చల్లారిపోతోందని అత్తయ్య అవతల కేకలేస్తోంది. ఆయన ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఇద్దరం ఆ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాం.